సి.కె. నాయుడు తొలి యాట

నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబములో 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన కొఠారి కనకయ్య నాయుడు జన్మించెను. క్రికెట్ లోకమున సి.కె. నాయుడుగా ప్రసిద్ధి గాంచినది ఈయనయే. చదువుకొను దినములలోనే ఆయన ఆ క్రీడయందు నేర్పు గడించెను.

ఆ కాలమున బొంబాయిలో మతమును, జాతిని బట్టి జట్లు ఏర్పడి పోటీపడుచుండెడివి. 1916లో హిందువుల జట్టు ఐరోపావారి జట్టుతో తలపడెను. 79 పరుగులకే ఏడు వికెట్లు పడిపోయెను. జట్టువారికి దిక్కు తోచలేదు. అట్టి తరుణమున యువకుడగు నాయుడు బ్యాటు చేతబట్టి మైదానమున ప్రవేశించెను. ప్రథమశ్రేణి పోటీలలో ఆయనకదియే తొలి యాట. మూడు బంతులను తొందరపడక అడ్డుకొనెను. నాలుగవ బంతిని సరిహద్దు దాటించి ఆరు పరుగులు సాధించెను. అవియే ఆయన తొలి పరుగులు.

అప్పటికి భారతదేశము టెస్టు ఆటలలో పాల్గొని యుండలేదు. 1926 డిసెంబరులో ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై నాయుడు రెండు గంటలు నిండకమునుపే 153 పరుగులు చేసెను. వానిలో పదునొకండు సిక్సర్లు కలవు. భారతీయుల సామర్థ్యము లోకమునకు వెల్లడియయ్యెను. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానమున మనదేశపు తొలి టెస్టు ప్రారంభమైనపుడు నాయకుడు ఆయనయే. 1967లో ఆయన ఇండోరున పరమపదించెను.

బాలలారా! మూడు బంతులకు ఓర్పు, నాలుగవ బంతికి ధైర్యము చూపిన ఆ యువకునియందే భావి నాయకుడు దాగి యుండెను.