నేతగాని కుమారుడు జాన్ డాల్టన్

చెంబెడు నీరు, చిటికెడు ఉప్పు, పొయ్యిలోని బొగ్గు, ఇవన్నియు దేనితో చేయబడినవని అడిగినయెడల, నేడు బడికి పోవు పిల్లవాడు సయితము పరమాణువులతోనని చెప్పును. ఆ పరమాణువులకు తూకము కట్టి లోకమునకు బోధించినవాడు ఒక పేద నేతగాని కుమారుడనియు, తుదివరకు ఒక చిన్న క్రైస్తవ సమాజములో నమ్మకమైన సభ్యుడనియు మనలో అనేకులకు తెలియదు. కాబట్టి ఈ నెల జాన్ డాల్టన్ గారి జీవితమును మా చదువరుల యెదుట ఉంచుచున్నాము.

ఆయన 1766వ సంవత్సరము సెప్టెంబరు నెలలో, ఇంగ్లండు ఉత్తర భాగమున కంబర్లాండు సీమలోని ఈగల్స్‌ఫీల్డ్ అను పల్లెలో జన్మించెను. తండ్రి మగ్గము నేసి కుటుంబమును పోషించువాడు. వారు క్వేకర్లు అనబడిన సమాజమునకు చెందినవారు. ఆడంబరములేని దుస్తులు ధరించుట, ఒట్టు పెట్టుకొనకుండుట, యుద్ధమునకు దూరముగా నుండుట, మౌనముగా కూడి దేవుని ఆరాధించుట వారి ఆచారములు. ఆ దినములలో ఇంగ్లండు రాజ్య సంఘమునకు చెందనివారికి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములలో పట్టము పొందు వీలు లేదు. ఆ ద్వారము డాల్టనుకు పుట్టుకతోనే మూయబడియుండెను.

అయినను ఆయన చదువు ఆగలేదు. పండ్రెండేండ్ల వయస్సుననే పల్లెలో పిల్లలకు పాఠములు చెప్పనారంభించెను. పదునైదవ యేట కెండల్ అను పట్టణమునకు పోయి, తన అన్నతోకూడ క్వేకర్ల బడిలో పనిచేసెను. అక్కడ జాన్ గాఫ్ అను పండితుడుండెను. పసితనమున మశూచికము వలన ఆయన చూపు పోయెను. ఆ గ్రుడ్డివాడే డాల్టనుకు గణితమును, భాషలను, ప్రకృతిని గమనించు విధమును నేర్పెను. కన్నులుగలవానికి కన్నులులేనివాడు దారి చూపెను.

గాఫ్ చెప్పిన సలహాను బట్టి డాల్టన్ 1787వ సంవత్సరమున వాతావరణ దినచర్య వ్రాయ మొదలుపెట్టెను. గాలి బరువు, వేడిమి, వాన, మబ్బు, వీటిని దినదినము కొలిచి వ్రాసెను. 57 సంవత్సరములు ఆ పని మానలేదు. గాలిని గూర్చిన ఈ ఓపికగల గమనికయే ఆయనను వాయువులను గూర్చియు, వాటి కణములను గూర్చియు ఆలోచింపజేసెను.

1793లో ఆయన మాంచెస్టరు నగరమునకు వచ్చి ఒక కళాశాలలో బోధించెను. 1800లో ఆ పని విడిచి, పిల్లలకు లెక్కలు చెప్పి, ఆ రుసుముతో జీవించెను. వివాహము చేసికొనలేదు.

ఆయన చెప్పిన సంగతి యేమన, ప్రతి మూలకమునకు దాని సొంత పరమాణువులు గలవు. ఒక మూలకపు పరమాణువులన్నియు ఒకే బరువుగలవి. వేర్వేరు మూలకముల పరమాణువులకు వేర్వేరు బరువులు. అవి ఒకటికి ఒకటి, ఒకటికి రెండు, ఈలాగు చిన్న లెక్కల చొప్పున కలియును. 3 వంతుల బొగ్గు 4 వంతుల ప్రాణవాయువుతో కలిసిన విషవాయువగును. అదే బొగ్గు సరిగా రెట్టింపు, అనగా 8 వంతులతో కలిసిన, మనము ఊపిరితో విడుచు బొగ్గుపులుసు వాయువగును. అయిదు కాదు, ఏడు కాదు, సరిగా ఎనిమిది. పరమాణువు సగమై కలియదు గనుకనే ఈ ఖచ్చితము. 1803లో తన పుస్తకమున వ్రాసికొనిన ఈ తలంపును, 1808లో ఆయన గ్రంథముగా ప్రచురించెను.

ఒక్క పరమాణువును త్రాసులో వేయ నెవరి తరము? అందుచేత మిక్కిలి తేలికయైన ఉదజనిని 1గా నెంచి, తక్కినవాటిని దానితో పోల్చెను. ధాన్యపు గింజలను లెక్కింపక కుంచముతో కొలుచునట్లు, తరువాతి శాస్త్రజ్ఞులు పరమాణువులకు మోల్ అను కొలత నేర్పరచిరి. 12 గ్రాముల శుద్ధమైన బొగ్గులోని పరమాణువుల సంఖ్య ఒక మోల్. అది రమారమి 6 ప్రక్కన 23 సున్నలు పెట్టినంత!

ఆయన తప్పులను మేము దాచము. నీటిలో ఒక ఉదజని పరమాణువు, ఒక ప్రాణవాయు పరమాణువు మాత్రమే గలవని తలంచి, ప్రాణవాయువు తూకమును 7 అని వ్రాసెను. నిజముగా నీటిలో ఉదజని పరమాణువులు రెండు, ప్రాణవాయువు తూకము 16. ఫ్రాన్సు దేశపు గేలుసాక్ వాయువుల కొలతలను సరిగా చూపినను డాల్టన్ అంగీకరింపలేదు. 1811లో ఇటలీవాడైన అవొగాడ్రో చిక్కును విప్పెను గాని, అర్ధశతాబ్దము వరకు లోకము దానిని సరిగా వినలేదు. తూకములు చక్కబడిన తరువాత, 1869లో రష్యావాడైన మెండెలీవ్ మూలకములను వరుసగా పేర్చి ఆవర్తన పట్టికను కట్టెను. దొరకని మూలకములకు ఖాళీ స్థలములు విడిచెను. 1875, 1879, 1886లలో మూడు మూలకములు దొరికి ఆ ఖాళీలను నింపెను. నేడు ఆ పట్టికలో 118 గలవు. పరమాణువు విడదీయరానిదను డాల్టన్ మాటయు నిలువలేదు. దాని నడుమ కేంద్రకము గలదని 1911లో రూథర్‌ఫర్డ్ తెలిపెను. అదియు మాంచెస్టరులోనే.

డాల్టనుకు ఎరుపు, ఆకుపచ్చ రంగుల భేదము తెలియదు. ఆ లోపమును దాచక, 1794లో తానే పండితుల యెదుట వివరించెను. 1832లో ఆక్స్‌ఫర్డ్ ఆయనకు గౌరవ పట్టమిచ్చెను. 1834లో ఆ పట్టపు ఎఱ్ఱని అంగీతోనే రాజదర్శనమునకు వెళ్లెను. క్వేకర్లు అట్టి రంగు ధరింపరు, గాని ఆయన కంటికి అది ఎరుపే కాదు!

1844 జూలై 26వ తేదీన వణకుచున్న చేతితో ఆనాటి వాతావరణమును వ్రాసి, మరునాడు కన్నుమూసెను. ఆయన శవపేటికను చూచుటకు నలువదివేలమంది వచ్చిరని చెప్పుదురు.

సహోదరులారా, మూయబడిన ద్వారము యెదుట ఆయన సణుగుచు కూర్చుండలేదు. దొరికిన చిన్న పనిని దినదినము నమ్మకముగా చేసెను. ఆయన తప్పులను ఇతరులు దిద్దిరి, ఆయన వేసిన పునాది మాత్రము నిలిచెను. మన పని యంతయు తప్పులేనిదై యుండదు. అయినను నమ్మకముగా చేసినదానిని దేవుడు మన వెనుకటివారి చేతుల ద్వారా నెరవేర్చును. మన పిల్లలలో ఏ మగ్గము ప్రక్కన, ఏ పొలము గట్టున ఇట్టివాడు కూర్చుండియున్నాడో మనకు తెలియదు. వానిని బడికి పంపుదము.