అల్-ఖ్వారిజ్మీ: లెక్కకు దారి వేసిన పండితుడు

కంప్యూటర్ కోర్సులో చేరిన మన పిల్లలు మొదటి వారాల్లోనే 'అల్గోరిథమ్' అనే మాట ఇంటికి తెస్తారు. ఒక పనిని ఏ వరుసలో చేయాలి, ఏ షరతు మీద దారి మార్చాలి, ఏ పనిని ఎంతవరకు మళ్లీ మళ్లీ చేయాలి అని ముందే నిర్ణయించి రాసుకున్న పద్ధతికే ఆ పేరు. అది ఒక మనిషి పేరు నుండి పుట్టిందనీ, ఆ మనిషి బాగ్దాద్‌లో నివసించిన ముస్లిం పండితుడనీ చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. అందుకే ఈ నెల మేము ముహమ్మద్ బిన్ మూసా అల్-ఖ్వారిజ్మీ (రహిమహుల్లాహ్) జీవితాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

ఆయన సుమారు క్రీ.శ. 780లో జన్మించారు. అరల్ సముద్రానికి దక్షిణాన ఉన్న ఖ్వారిజ్మ్ ప్రాంతం పేరే ఆయన పేరులో నిలిచింది. ఖలీఫా మామూన్ పాలనా కాలంలో (813-833) ఆయన బాగ్దాద్‌లోని బైతుల్ హిక్మాలో పనిచేశారు. గ్రీకు, పారశీక, భారతీయ విద్యలు అరబీలోకి వస్తున్న రోజులవి. ఖగోళ పట్టికలు తయారు చేశారు, భూగోళంపై ఒక గ్రంథం రాశారు. వాటన్నింటినీ మించి ఆయనకు పేరు తెచ్చినవి రెండు లెక్కల పుస్తకాలు.

మొదటిది అల్-జబ్ర్ వల్-ముఖాబలా. 'ఆల్జీబ్రా' అన్న మాట దాని పేరు నుండే వచ్చింది. ఈ గ్రంథం ఎవరి కోసం రాశారో చూడండి. ఆస్తి పంచుకునేవారు, వీలునామాలు అమలు చేసేవారు, వ్యాపారులు, భూమి కొలిచేవారు, కాలువలు తవ్వించేవారు. పుస్తకంలో దాదాపు సగభాగం వారసత్వం, వసీయత్ లెక్కలదే. సూరె నిసాలో అల్లాహ్ నిర్ణయించిన వాటాలను ఒక్క పైసా అటూ ఇటూ కాకుండా పంచాలంటే భిన్నాల లెక్క రావాలి. లెక్క తప్పితే ఒక అనాథ హక్కో, ఒక కూతురి హక్కో పోతుంది.

ఆయన ఇచ్చిన ఒక లెక్క ఇది. ఒక స్త్రీ చనిపోయింది. భర్త, ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్లు ఉన్నారు. తన ఆస్తిలో ఎనిమిదో వంతు, ఏడో వంతు కలిపి ఒక పరాయి వ్యక్తికి వసీయత్ చేసింది. ముందు వసీయత్ మూడో వంతు దాటిందా అని చూడాలి. దాటితే వారసుల సమ్మతి కావాలి. ఇక్కడ దాటలేదు. కాబట్టి దాన్ని తీసివేసి మిగిలిన దానిలో భర్తకు నాలుగో వంతు ఇవ్వాలి. సంతానం లేకపోతే ఆయన వాటా సగమయ్యేది. ఆ తర్వాత కొడుకుకు రెండు పాళ్లు, ఒక్కో కూతురికి ఒక పాలు. ఆస్తిని 1120 భాగాలు చేస్తే పరాయి వ్యక్తికి 300, భర్తకు 205, కొడుకుకు 246, ఒక్కో కూతురికి 123 వస్తాయి. కూడి చూసుకోండి, సరిగ్గా సరిపోతుంది. కూతుళ్ల వాటా అడిగితే మొహం చాటేసే ఇళ్లు మనలో ఇప్పటికీ లేకపోలేదు. వాళ్లకు లెక్క రాక కాదు!

'అయితే ఇలా, కాకపోతే అలా' అన్న ఈ నడకనే ప్రోగ్రామింగ్‌లో కంట్రోల్ ఫ్లో అంటారు. ఖ్వారిజ్మీ గారు సమీకరణాలలో దీన్ని మరింత తేటగా చూపారు. ఒక సంఖ్య వర్గానికి 21 కలిపితే ఆ సంఖ్యకు పది రెట్లవుతుంది, ఆ సంఖ్య ఏది? పదిని సగం చేస్తే 5, దాని వర్గం 25, అందులో 21 తీస్తే 4, దాని మూలం 2. ఐదులోంచి రెండు తీస్తే 3, ఐదుకు రెండు కలిపితే 7. రెండూ సరైన జవాబులే. ఆయన అంతటితో ఆగలేదు. సగం చేసి వర్గం కట్టినప్పుడు వచ్చినది, కలిపిన సంఖ్య కన్నా తక్కువైతే జవాబే లేదని, సమానమైతే ఆ సగమే జవాబని, ఎక్కువైతేనే రెండు జవాబులని విడమరిచారు. ఒకే ప్రశ్న, మూడు దారులు. నేటి విద్యార్థి 'ఇఫ్', 'ఎల్స్' అని రాసేది ఇదే. అయితే ఆయన పుస్తకంలో గుర్తులు లేవు, అంకెలు కూడా మాటల్లోనే ఉంటాయి.

రెండో గ్రంథం మన దేశపు అంకెల గురించి. ఆ విద్య భారతీయులదని ఆయన దాచలేదు. తొమ్మిది అంకెలు, ఒక సున్నాతో ఎంత పెద్ద సంఖ్యనైనా రాయవచ్చని నేర్పారు. కూడికలో ఒక స్థానంలో పదో, అంతకన్నా ఎక్కువో వస్తే పైస్థానానికి ఒకటి చేర్చాలి. ఏమీ మిగలకపోతే ఆ స్థానం ఖాళీగా ఉండకుండా సున్న పెట్టాలి. స్థానాలు అయిపోయేవరకు ఇదే పని. అయిపోగానే ఆగాలి. పిల్లలు 'లూప్' అని నేర్చుకునేది ఇదే. ఆగే షరతు రాయడం మరచిపోతే యంత్రం అదే పని చేస్తూనే ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

ఒక మాట చెప్పాలి. కంప్యూటర్‌ను కనిపెట్టింది ఖ్వారిజ్మీయే అని కొందరు వక్తలు ఆవేశంలో అంటుంటారు. అది నిజం కాదు. మెట్టు మెట్టుగా లెక్కించే పద్ధతులు ఆయనకు పూర్వం బాబిలోనియాలోనూ, గ్రీసులోనూ, భారతదేశంలోనూ ఉన్నాయి. వాటిని కూర్చి, ఎవరైనా అనుసరించగలిగేలా వరుసగా చెప్పిన ఘనత ఆయనది. అది చిన్నదేమీ కాదు.

ఆయన సుమారు 850లో మరణించారు. అంకెల గ్రంథం అరబీ మూలం మనకు దక్కలేదు, లాటిన్ అనువాదమే మిగిలింది. ఆ అనువాదంలో ఆయన పేరు అల్గోరిజ్మీగా మారింది. అది కాలక్రమంలో ఆ లెక్కించే పద్ధతికే పేరయింది. 1145లో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ అనే ఆంగ్లేయుడు స్పెయిన్‌లో ఉండి అల్-జబ్ర్ గ్రంథాన్ని లాటిన్‌లోకి మార్చాడు. 1979లో డొనాల్డ్ నూత్, ఆంద్రేయ్ యెర్షోవ్ వంటి కంప్యూటర్ శాస్త్రవేత్తలు అల్గోరిథమ్‌ల మీద చర్చించడానికి సమావేశమైనప్పుడు, అందుకు ఎంచుకున్న చోటు ఖ్వారిజ్మ్ గడ్డ మీది ఉర్గెంచ్ పట్టణం.