క్లబ్బు వదల్లేదు.. దేశం మరవలేదు

1958 జూన్ మొదటివారం. స్వీడన్‌లో ప్రపంచకప్ ఫుట్‌బాల్ మొదలవడానికి రోజుల వ్యవధే ఉంది. వేల్స్ జట్టు దిగిన హోటల్లో ఎవర్ని కదిపినా ఒకటే మాట. జాన్ చార్లెస్ వస్తాడా.. రాడా? జాబితాలో పేరు ఉంది. మనిషి మాత్రం ఇటలీలో ఉన్నాడు. జీతమిచ్చే క్లబ్బు, అక్కడి సమాఖ్య వదిలితేనే ఆయన విమానం ఎక్కాలి. వేల్స్ చరిత్రలో అదే మొదటి ప్రపంచకప్. జట్టులో ప్రపంచస్థాయి ఆటగాడని అందరూ ఒప్పుకున్నది ముందుగా ఆయన్నే. అలాంటి మనిషి సొంత దేశానికి ఆడాలంటే పరాయి దేశపు కాగితం కావాల్సి వచ్చింది.

పొట్ట చేతబట్టుకుని పొరుగు రాష్ట్రం పోయినవాడికి ఊరి జాతరకు సెలవు దొరకడం ఎంత కష్టమో సరిహద్దు జిల్లాల వారికి వేరే చెప్పనక్కర్లేదు. జాన్ చార్లెస్ కథ కూడా అలాంటిదే. కాకపోతే ఆయన అడిగిన సెలవు మీద ఒక దేశం ఆశలు పెట్టుకుంది.

స్వాన్సీ వీధుల నుంచి..

విలియం జాన్ చార్లెస్ 1931 డిసెంబరు 27న వేల్స్‌లోని స్వాన్సీ పట్నంలో, క్వమ్‌బూర్లా అనే పేటలో పుట్టాడు. రాగి, ఉక్కు కార్ఖానాలకు పేరుపడ్డ ప్రాంతమది. వేల్స్ బ్రిటన్‌లో భాగమే అయినా ఫుట్‌బాల్‌లో దానికి సొంత జట్టు, సొంత సంఘం ఉన్నాయి. ఆ రోజుల్లో అక్కడి జనాభా పాతిక లక్షల పైచిలుకు మాత్రమే. చెప్పుకోదగ్గ ఆటగాడు ఎదిగితే చాలు, ఇంగ్లండ్ క్లబ్బులు ఎగరేసుకుపోయేవి.

చార్లెస్ విషయంలోనూ అదే జరిగింది. స్వాన్సీ మైదానంలో చిన్నాచితకా పనులు చేస్తూ ఆట నేర్చుకుంటున్న కుర్రాడిని లీడ్స్ యునైటెడ్ పదిహేడేళ్ళకే తీసుకుపోయింది. 6 అడుగుల 2 అంగుళాల ఎత్తు. ఎత్తుకు తగ్గ భుజాలు. అంత శరీరంతోనూ బంతిని పువ్వులా ఆపేవాడు. గాల్లోకి లేచాడంటే తలతో కొట్టిన బంతి కాలితో తన్నినంత వేగంగా పోయేది. రక్షణలో సెంటర్ హాఫ్‌గా మొదలుపెట్టి, తర్వాత సెంటర్ ఫార్వర్డ్‌గా మారాడు. ఈ రెండు చోట్లా అంతే బాగా ఆడగలిగినవాళ్ళు ఫుట్‌బాల్‌లో చాలా అరుదు. 1953-54లో రెండో డివిజన్‌లో ఒక్క సీజన్‌లోనే 42 లీగ్ గోల్స్ కొట్టాడు. 1956లో లీడ్స్ మొదటి డివిజన్‌కు ఎక్కింది. మర్నాటి సీజన్‌లో అక్కడా 38 గోల్స్‌తో ఆయనే ముందు నిలిచాడు.

దేశం పిలుపు అంతకు ముందే వచ్చింది. 1950 మార్చిలో ఉత్తర ఐర్లండ్ మీద వేల్స్ తరఫున తొలిసారి బరిలో దిగాడు. అప్పటికి వయసు పద్దెనిమిదే.

పాత తగవే..

క్లబ్బుకూ దేశానికీ మధ్య లాగులాట చార్లెస్‌తో పుట్టింది కాదు. వేల్స్‌కు అది పుట్టుకతో వచ్చిన జబ్బు లాంటిది. దేశ జట్టు మ్యాచ్‌లు తరచూ శనివారాలే పడేవి. లీగ్ మ్యాచ్‌లూ శనివారమే. 1930లో ఇంగ్లండ్ లీగ్ ఒక కట్టడి చేసింది. ఇంగ్లండ్ జట్టుకు తప్ప మిగతా దేశాలకు తమ ఆటగాళ్ళను పంపి తీరాల్సిన పని క్లబ్బులకు లేదని తేల్చేసింది. దాంతో ఆ ఏడాది అక్టోబరు 25న గ్లాస్గోలో స్కాట్లండ్‌తో ఆటకు వేల్స్ దొరికినవాళ్ళను పోగేసుకుని వెళ్ళింది. కెప్టెన్ ఫ్రెడ్ కీనర్ తప్ప పెద్దగా ఎవరికీ తెలియని మొహాలే. చిత్తుగా ఓడతారని అంతా అనుకుంటే 1-1తో సమం చేసి తిరిగొచ్చారు. వేల్స్ వాళ్ళు ఆ మ్యాచ్‌ను తరాలపాటు చెప్పుకున్నారు. గెలిచినందుకు కాదు, లేనివాళ్ళు నిలబడినందుకు.

ఇంగ్లండ్ క్లబ్బుతోనే ఇంత తంటా ఉంటే, సముద్రం దాటి ఇంకో దేశం క్లబ్బుకు పోతే సంగతేమిటి? చార్లెస్ పోయేదాకా వేల్స్‌కు ఆ ప్రశ్న ఇంత గట్టిగా ఎదురుకాలేదు.

65 వేల పౌన్ల బేరం

1957 ఏప్రిల్లో బెల్‌ఫాస్ట్‌లో ఉత్తర ఐర్లండ్‌తో మ్యాచ్. చార్లెస్ మొదటిసారి వేల్స్ కెప్టెన్‌గా దిగాడు. చూడ్డానికి ఇటలీ నుంచి ఒక కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. పేరు ఉంబెర్తో అన్యెల్లి. ఫియట్ కార్ల కంపెనీ యజమానుల కుటుంబం. ఇరవై రెండేళ్ళకే యువెంటస్ క్లబ్బుకు అధ్యక్షుడు. ఆట చూశాక ఆయనకు ఇక రెండో ఆలోచన లేకపోయింది. లీడ్స్‌కు 65 వేల పౌన్లు చెల్లించి చార్లెస్‌ను తీసుకుపోయాడు. బ్రిటన్ ఆటగాడికి అంత ధర పలకడం అదే మొదలు.

చార్లెస్ ఎందుకు వెళ్ళాడో తెలుసుకోవాలంటే అప్పటి ఇంగ్లండ్ జీతాలు చూడాలి. ఎంత గొప్ప ఆటగాడైనా వారానికి 17 పౌన్లకు మించి ఇవ్వకూడదన్నది అక్కడి లీగ్ నియమం. యువెంటస్ సంతకం పెట్టినందుకే 10 వేల పౌన్లు చేతికిచ్చింది. ఇంగ్లండ్‌లో పదేళ్ళకు పైగా ఆడితే తప్ప రాని సొమ్ము అది. నలుగురిలాంటి ఇంట్లో పుట్టినవాడు వద్దనడం కష్టం. పోయినందుకు ఆయన్ను తప్పుపట్టడమూ కష్టమే.

డబ్బు పెట్టినవాళ్ళకు ఆయన లోటు చేయలేదు. తొలి సీజన్‌లోనే 28 గోల్స్ కొట్టి ఇటలీ లీగ్‌లో అందరికన్నా ముందు నిలిచాడు. యువెంటస్‌కు పదో టైటిల్ వచ్చింది. ఆ తర్వాత 1960, 1961ల్లో మరో రెండు. మధ్యలో రెండు ఇటలీ కప్‌లు. ఇంత చేసినా మొత్తం కెరీర్‌లో ఆయన్ను రిఫరీ ఒక్కసారి కూడా హెచ్చరించలేదు, బయటికి పంపలేదు. ఎదుటివాడు తన్నినా తిరిగి తన్నేవాడు కాదు. ట్యూరిన్ జనం ముద్దుగా ఇల్ జిగాంతే బువోనో అని పిలుచుకున్నారు. మంచి మనసున్న మహాకాయుడని అర్థం.

ఒకే జట్టులో రెండు కథలు

యువెంటస్ దాడిలో చార్లెస్ పక్కనే అర్జెంటీనా నుంచి వచ్చిన ఒమర్ సివోరి ఆడేవాడు. ఇద్దరూ వచ్చింది 1957లోనే. ఇద్దరికీ దేశం దగ్గరే చిక్కు. కాకపోతే తలకిందులుగా! దక్షిణ అమెరికా టైటిల్ తెచ్చిపెట్టిన సివోరిని ఇటలీ వెళ్ళాడన్న కారణంతో అర్జెంటీనా పక్కనపెట్టేసింది. 1958 ప్రపంచకప్‌కు పిలవలేదు. ఆ పోటీలో అర్జెంటీనా చెకోస్లొవేకియా చేతిలో 6-1తో చిత్తయి ఇంటికి పోయింది. సివోరి తర్వాత ఇటలీ చొక్కా తొడుక్కుని 1962 ప్రపంచకప్ ఆడాడు.

సివోరి రావడానికి సిద్ధంగా ఉంటే దేశం వద్దంది. చార్లెస్‌ను దేశం రమ్మంటే క్లబ్బు ఊగిసలాడింది.

వేల్స్‌కు ప్రపంచకప్ చోటు దక్కిందే చిత్రంగా. తన గ్రూపులో చెకోస్లొవేకియా వెనక నిలిచి ఇంటిదారి పట్టింది. అటు ఆసియా, ఆఫ్రికా వైపు ఇజ్రాయెల్‌తో ఆడేందుకు ఏ దేశమూ ఒప్పుకోలేదు. ఒక్క మ్యాచ్ అయినా ఆడకుండా ఎవరినీ ప్రపంచకప్‌కు పంపేది లేదని ఫిఫా పట్టుబట్టింది. అర్హత తప్పినవాళ్ళలో చీటీలు తీస్తే బెల్జియం వద్దంది, తర్వాత వేల్స్‌కు తగిలింది. టెల్ అవీవ్‌లో 2-0, కార్డిఫ్‌లో 2-0. వేల్స్ గెలిచింది.

కార్డిఫ్ మ్యాచ్ జరిగింది 1958 ఫిబ్రవరి 5న. వేల్స్ మేనేజర్ జిమ్మీ మర్ఫీ అప్పట్లో మాంచెస్టర్ యునైటెడ్‌లో సహాయకుడు కూడా. క్లబ్బు బెల్‌గ్రేడ్‌లో ఆడుతుంటే, దేశం పని మీద ఆయన కార్డిఫ్‌లో ఉండిపోయాడు. మర్నాడు మ్యూనిక్‌లో క్లబ్బు విమానం కూలి 23 మంది పోయారు. అందులో ఎనిమిది మంది ఆటగాళ్ళు. దేశం పిలుపు ఆ ఒక్కసారి ఒక ప్రాణం కాపాడింది.

ఆలస్యంగా దిగిన అతిథి

ఇక చార్లెస్ సెలవు సంగతి. 1958 ప్రపంచకప్‌కు ఇటలీ అర్హత పొందలేదు. అందుకే ఆ జూన్‌లో ఇటలీలో కప్ పోటీలు పెట్టుకున్నారు. అంత డబ్బు పోసి కొన్న ఆటగాణ్ణి ఎవరు మాత్రం సులువుగా పంపుతారు? విదేశీ క్లబ్బు చేత పంపించే గట్టి పద్ధతి అప్పటికి లేదు. ఇటు వేల్స్ సంఘం కూడా కాగితాల పని ముందుగా చక్కబెట్టుకోలేదు. మొత్తానికి చివరి రోజుల్లో అనుమతి వచ్చింది. చార్లెస్ స్వీడన్‌లో దిగి హోటల్‌కు చేరేసరికి తోటివాళ్ళు లేచి పాట పాడి స్వాగతం పలికారు. తమ్ముడు మెల్ చార్లెస్ కూడా ఆ జట్టులోనే ఉన్నాడు.

జూన్ 8న హంగరీతో మొదటి మ్యాచ్. అయిదో నిమిషంలోనే హంగరీ గోల్ కొట్టింది. అప్పుడు కార్నర్ నుంచి వచ్చిన బంతిని చార్లెస్ తలతో నెట్టులోకి పంపి 1-1 చేశాడు. తర్వాత మెక్సికోతో 1-1, స్వీడన్‌తో 0-0. జూన్ 17న హంగరీతోనే మళ్ళీ నిర్ణయాత్మక మ్యాచ్. వేల్స్ 2-1తో గెలిచి క్వార్టర్ ఫైనల్‌కు చేరింది. హంగరీ ఆటగాళ్ళు చార్లెస్‌ను వదలకుండా కాళ్ళ మీద తన్నారు. ఆయన మాత్రం తిరిగి చెయ్యెత్తలేదు. రెండు రోజులకే గోథెన్‌బర్గ్‌లో బ్రెజిల్‌తో ఆట. గాయం వల్ల ఆయన దిగలేకపోయాడు. వేల్స్ గంటకు పైగా బ్రెజిల్‌ను నిలువరించింది. ఆఖరికి పదిహేడేళ్ళ కుర్రాడొకడు గోల్ కొట్టాడు. పేరు పెలె. ప్రపంచకప్‌లో ఆయనకదే తొలి గోల్. మ్యాచ్ 1-0తో పోయింది.

చార్లెస్ ఉంటే ఏమయ్యేదన్నది వేల్స్‌లో ఎన్ని తరాలు మారినా తెగని చర్చ. ఎందుకంటే మళ్ళీ ప్రపంచకప్ చూడటానికి ఆ దేశానికి 64 ఏళ్ళు పట్టింది. 2022లో ఖతార్‌లో గాని అడుగుపెట్టలేదు.

లెక్క చూస్తే..

స్వీడన్ నుంచి వచ్చాక కూడా లాగులాట ఆగలేదు. యువెంటస్‌లో ఉన్న రోజుల్లో వేల్స్ చాలాసార్లు ఆయన లేకుండానే ఆడాల్సి వచ్చింది. 1950 నుంచి 1965 దాకా పదిహేనేళ్ళలో దేశానికి ఆడింది 38 మ్యాచ్‌లే. గోల్స్ 15. ఇంకెన్ని ఉండాల్సిందో ఊహించుకోవాల్సిందే.

1962లో లీడ్స్‌కు తిరిగొచ్చి 11 మ్యాచ్‌లాడాడు. మళ్ళీ ఇటలీకి, రోమా క్లబ్బుకు వెళ్ళాడు. 1963లో కార్డిఫ్ సిటీకి చేరి సొంతగడ్డ మీద ఆడాడు. ఆ తర్వాత చిన్న క్లబ్బుల్లో ఆడుతూ, ఆడిస్తూ గడిపాడు.

ఆయన పడ్డ చిక్కుకు తర్వాత నియమాలొచ్చాయి. దేశ జట్ల మ్యాచ్‌లకు ఫిఫా క్యాలెండర్‌లో తేదీలు కేటాయించింది. ఆ తేదీల్లో ఆటగాణ్ణి పంపడం క్లబ్బుకు తప్పనిసరి. క్లబ్బుల గోడూ వినక తప్పలేదు. 2004లో మొరాకోకు ఆడుతూ తమ ఆటగాడు గాయపడితే బెల్జియం క్లబ్బు షార్లెరువా ఫిఫాపై కోర్టుకెక్కింది. 2008లో రాజీ కుదిరింది. ప్రపంచకప్‌కు ఆటగాళ్ళను పంపే క్లబ్బులకు ఫిఫా సొమ్ము చెల్లించే పద్ధతి 2010 నుంచి మొదలైంది. 2022లో 440 క్లబ్బులకు 20.9 కోట్ల డాలర్లు పంచింది.

అయినా తగవు తీరిందనలేం. 2023 సెప్టెంబరులో హాంగ్జౌ ఆసియా క్రీడలు ఫిఫా తేదీల్లో పడలేదు. ఇండియన్ సూపర్ లీగ్ కూడా అప్పుడే మొదలవుతోంది. క్లబ్బులు చాలామందిని వదల్లేదు. సికింద్రాబాద్‌లో పుట్టి బెంగళూరు క్లబ్బుకు ఆడిన సునీల్ ఛెత్రీ, చేతికందినవాళ్ళతో వెళ్ళాడు. మ్యాచ్‌కు ముందురోజు చైనాలో దిగిన మన జట్టు ఆతిథ్య జట్టు చేతిలో 5-1తో ఓడింది. 1930 నాటి వేల్స్ బాధ మనకూ తెలిసొచ్చింది.

ఇంటికి చేర్చిన విమానం

చార్లెస్‌ను ఇటలీ మరవలేదు. 1997లో యువెంటస్ వందేళ్ళ పండగప్పుడు, తమ క్లబ్బుకు ఆడిన విదేశీయుల్లో అందరికన్నా గొప్పవాడుగా అభిమానులు ఆయన్నే ఎన్నుకున్నారు. 2001లో బ్రిటన్ ప్రభుత్వం సీబీఈ గౌరవమిచ్చింది.

2004 జనవరిలో టీవీ కార్యక్రమం కోసం ఇటలీ వెళ్ళిన ఆయన అక్కడే జబ్బుపడ్డాడు. మిలాన్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి పాదంలో కొంత భాగం తీసేశారు. యువెంటస్ విమానం ఏర్పాటు చేసి స్వదేశానికి పంపింది. 1958లో సెలవు కోసం రోజులు లెక్కపెట్టించిన క్లబ్బే ఈసారి దగ్గరుండి సాగనంపింది.

ఫిబ్రవరి 21న వేక్‌ఫీల్డ్ ఆసుపత్రిలో, 72వ ఏట జాన్ చార్లెస్ కన్నుమూశాడు. అదే ఏడాది లీడ్స్ తన మైదానంలోని పడమటి స్టాండుకు ఆయన పేరు పెట్టుకుంది.