ఆకలికి అన్నము, ఆత్మకు నిరీక్షణ: క్లౌ దొరగారి జీవితము

ధ్యానమునకు: యోహాను సువార్త 6వ అధ్యాయము, 1 కొరింథీయులకు 13వ అధ్యాయము



ప్రేమ అనగా ఇచ్చుటయే అని మనలో అనేకుల తలంపు. అడిగినది ఇచ్చినవాడు ప్రేమగలవాడు, ఇయ్యనివాడు కఠినుడు అని వెంటనే తీర్పు చెప్పుదుము. కాని బిడ్డలను పెంచిన తల్లులు ఇంత సులువుగా మాటలాడరు. జ్వరము తగ్గని బిడ్డ ఎంత ఏడ్చి అడిగినను తల్లి పెట్టకూడనిది పెట్టదు. ఆకలిగొన్న బిడ్డ నోరు తెరచి అడుగకపోయినను పెట్టక మానదు. రెండును ఆమె ప్రేమలోనివే. ఏది ఎప్పుడు ఇయ్యవలెనో, ఏది ఎప్పుడు ఆపవలెనో తెలిసికొనుట మాత్రము ఎంతటివారికైనను కష్టమే.

యోహాను సువార్త 6వ అధ్యాయములో ప్రభువు కొండమీద అయిదు వేలమందికి ఆహారము పెట్టెను. మరునాడు జనులు పడవలెక్కి ఆయనను వెదకుచు వచ్చిరి. వారు తన్ను వెదకుట రొట్టెలు తిని తృప్తిపొందినందుననే అని ఆయన వారికి తేటగా తెలియజేసెను. ఇందులో ఒక సంగతి గమనింపదగినది. ఆకలితో నున్నవారికి రొట్టె పెట్టునప్పుడు ప్రభువు ఏ షరతును పెట్టలేదు, ఎవరి హృదయమును పరీక్షింపలేదు. వారు తన్ను వెంబడింపవచ్చినప్పుడు మాత్రము, ఎందుకు వచ్చితిరో చూచుకొనుడని వారిని నిలువదీసెను. ఈ రెండును కలిపి చేయవలసిన పని ఒకప్పుడు మన తెలుగుదేశములో ఒక మిషనెరీ మీద పడెను. ఆయన ఒంగోలు క్లౌ దొరగారు. ఈ నెల వారి జీవితమును మీ ముందు ఉంచుచున్నాము.

జాన్ ఎవరెట్ క్లౌ గారు 1836వ సంవత్సరములో అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రములో జన్మించిరి. వారి కుటుంబము పడమటి దిక్కున అయోవా రాష్ట్రమునకు వలసపోయెను. యౌవనమున ఆయన భూమిని కొలుచు సర్వే పని నేర్చి మిన్నెసోటా ప్రాంతములో పనిచేసిరి. ఆ విద్య తరువాత ఎంత అక్కరకు వచ్చినదో ముందు చూతము. చదువుకొను దినములలో ఆయనకు దేవుని సంగతులు గిట్టెడివి కావు. తనతో ఒకే గదిలో నున్న విద్యార్థి ప్రార్థించుచుండగా విసిగి, గది నడుమ సుద్దముక్కతో గీత గీసి, ప్రార్థన ఏదైనను గీతకు ఆవలనే చేసికొనవలెనని చెప్పిరట. కొలది కాలమునకు ఆ గీతను ఆయనే దాటిరి.

1864వ సంవత్సరాంతమున క్లౌ గారు తమ భార్య హేరియెట్ దొరసానిగారితో, పాత మిషనెరీయైన జూయెట్ దొరగారితో కలిసి ఓడ ఎక్కి, 1865లో మద్రాసులో దిగిరి. ఆ దినములలో తెలుగు బాప్టిస్టు మిషను పేరునకు మాత్రమే ఉండెను. నెల్లూరు పనిలో ఫలము లేదని, దానిని మూసివేయవలెనని అమెరికాలోని సొసైటీవారు ఒకటికి రెండు మారులు ఆలోచించిరి. అయినను 1854 జనవరి 1న తెల్లవారుజామున జూయెట్ దంపతులును ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండమీద మోకరించి, ఆ ఊరికి ఒక సేవకుని పంపుమని దేవుని వేడుకొనిరి. పండ్రెండేండ్లు గడచిన పిమ్మట, 1866 సెప్టెంబరులో క్లౌ దంపతులు ఒంగోలులో కాపురము పెట్టిరి. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో అక్కడ సంఘము ఏర్పడెను.

వారికి మొదటి పరీక్ష త్వరలోనే వచ్చెను. ఊరిలోని పెద్ద కులములవారు కొందరు దొరగారియెడల ఆదరము చూపి, తమ పిల్లలను వారి బడికి పంపుచుండిరి. అంతలో పడమటి దిక్కునున్న తలకొండపాడు గ్రామమునుండి ఎర్రగుంట్ల పేరయ్యగారి ద్వారా సువార్త విన్న మాదిగ సోదరులు ప్రభువునొద్దకు రాసాగిరి. పేరయ్యగారు తోళ్ల వర్తకుడు, చదువు రానివాడు, గాని వాక్యమునకు ఆకలిగొన్నవాడు. ఆయన మాటవలన గ్రామములకు గ్రామములే కదలెను. పెద్ద కులములవారు దొరగారియొద్దకు వచ్చి, వీరిని చేర్చుకొనినయెడల మేము రాజాలము అని తెలియజేసిరి.

ఇప్పుడు చదువుకొనుచున్న మనకు జవాబు తేలికగా కనబడును. ఆనాడు ఆయనకు అంత తేలికగా లేదు. పెద్దలు చేరినచో దేశమంతయు వెంటవచ్చునని ఆలోచించుట బుద్ధిహీనత కాదు. ఆ సాయంత్రము దొరగారు ఒక గదిలోను, దొరసానిగారు మరియొక గదిలోను, ఒకరి సంగతి ఒకరికి తెలియకయే బైబిలు తెరచిరట. ఇద్దరికిని 1 కొరింథీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయములోని చివరి భాగమే కంటబడెను. దేవుడు లోకములో బలహీనులను, ఎన్నికలేనివారిని ఏర్పరచుకొనెనని అక్కడ అపొస్తలుడు వ్రాసెను. దానితో వారి సందేహము తీరెను. వచ్చిన మాదిగ సోదరులను చేర్చుకొనిరి. పెద్ద కులముల పిల్లలు బడి మానివేసిరి. ఎవరు వచ్చినను తలుపు తెరచియే ఉండెను, గాని ఒకరి రాకకొరకు మరియొకరిని బయట నిలువబెట్టుటకు ఆయన ఒప్పుకొనలేదు.

చేర్చుకొనుటతో కష్టము తీరలేదు. ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు అను మూడు కట్టడలు క్రొత్త విశ్వాసులకు చెప్పబడెను. వినుటకు చిన్న మాటలే. కాని గ్రామములో మాదిగ సోదరుని బ్రతుకంతయు ఈ మూడింటితో ముడిపడి ఉండెను. జాతరలో డప్పు కొట్టుట అతని వంతు. చచ్చిన పశువు అతని కూలిలో భాగము. ఆదివారమైనను కరణము, మునసబు పిలిచినచో పోవలెను. అతడు కాదనినప్పుడు దెబ్బలు తగిలెను, నీళ్లకు అడ్డము వచ్చిరి, అబద్ధపు నేరములు మోపిరి. ఇంటిలో సుఖముగా కూర్చుండి బీదవానికి కట్టడ చెప్పుట ప్రేమ కాదు. కట్టడ చెప్పినవాడు దాని బరువులో పాలు పంచుకొనవలెను. క్లౌ దొరగారు హింసింపబడినవారి పక్షమున అధికారుల యెదుట నిలిచి వాదించుచు, పల్లె పల్లెకు తిరిగి వారితో కూర్చుండెడివారు. వారి మాటను ప్రజలు భరించుటకు ఇది ఒక కారణమని మేము తలంచుచున్నాము.

1876లో వానలు కురియలేదు. మద్రాసు రాజధాని అంతట గొప్ప కరవు వచ్చి 1878 వరకు నిలిచెను. చెరువులు ఎండెను, పశువులు పడిపోయెను. తోలు పని చేయువారికి పని పోయెను. జనులు ఆకులలములు తిని, దారులవెంట పడి చనిపోవుచుండిరి. కలరాయు తోడైనది. లక్షలాదిమంది ప్రాణములు పోయెను.

అప్పుడు దొరతనమువారు కరవు పనిగా సముద్రతీరమున బకింగ్‌హాము కాలువను త్రవ్వించుచుండిరి. క్లౌ దొరగారు తాము యౌవనములో నేర్చిన సర్వే విద్యను జ్ఞాపకము చేసికొని, ఆ కాలువలో మూడున్నర మైళ్ల పనిని కంట్రాక్టుగా తీసికొనిరి. వేలకొలది జనులకు అక్కడ కూలి దొరికెను. తాటాకు పాకలు లేచెను. ఊరూర సువార్త చెప్పుచుండిన బోధకులే ఇక్కడ మేస్త్రీలైరి. క్రైస్తవుడా, కాడా అని చూడక పని ఇచ్చిరి. కూలి సరిగా చెల్లించిరి. మట్టి మోసి అలసినవారు మధ్యాహ్నము కూర్చున్నప్పుడు బోధకులు వారి ప్రక్కన కూర్చుండి మాటలాడెడివారు. భారము మోయుచు ప్రయాసపడువారిని ప్రభువు తనయొద్దకు పిలిచిన పిలుపును (మత్తయి 11వ అధ్యాయము) ఆ కూలివారు మరల మరల చెప్పించుకొని వినిరి. తలమీద తట్ట మోయువానికి ఆ మాట అర్థము కావలెనన్న వ్యాఖ్యానము అక్కరలేదు గదా!

ఇట్లు వినినవారిలో అనేకులు బాప్తిస్మము అడిగిరి. ఇదియే ఆయన జీవితములో మిక్కిలి కష్టమైన ప్రశ్న అని మా అభిప్రాయము. ఆయన ఇయ్యలేదు. సుమారు పదునైదు నెలలు ఒక్కరికిని బాప్తిస్మము ఇయ్యక ఆపిరి.

దీనిలోని బాధను మనము తేలికగా తీసికొనరాదు. ఈ దినము కాలువ గట్టున బాప్తిస్మము అడిగినవాడు రేపటికి బ్రతికి యుండునను నమ్మకము లేని కాలమది. నమ్మినవానికి నీళ్లు నిరాకరించుటకు నీవెవడవు అని ఎవరైన అడిగినయెడల ఏమి చెప్పగలడు? ఐనను మరియొక ప్రక్క చూడుడి. కూలి ఇచ్చువాడు దొరగారే, బాప్తిస్మము ఇచ్చువాడును దొరగారే. ఆకలిగొన్నవాడు తనకు తెలియకయే ఒకదానికొరకు మరియొకటి అడుగవచ్చును. బాప్తిస్మము పొందనివాడు తనకు పని దొరకదేమో అని భయపడవచ్చును. అప్పుడు పెట్టిన అన్నము వెలయగును, బాప్తిస్మము సరుకగును. రెండును చెడిపోవును. అందుచేత దొరగారు అన్నమును ఆపలేదు, వాక్యమును ఆపలేదు. బాప్తిస్మమును మాత్రము ఆపిరి.

1878లో కాలువ పని ముగిసెను. కరవు సహాయముగా వచ్చిన ధనమును ఖర్చైపోయెను. ఇక ఇచ్చుటకు దొరగారి చేతిలో ఏమియు లేదు. అప్పుడు జనులు మరల వచ్చిరి. మాయొద్ద ఇక సహాయము లేదని దొరగారు చెప్పగా, తమకు సహాయము అక్కరలేదని వారు చెప్పిరి. పని చేసి కాయలు కాచిన తమ చేతులను చూపిరి. రాబోవు పంటయు పోయినయెడల తాము చత్తుమనియు, క్రైస్తవులుగా చావగోరుచున్నామనియు చెప్పిరి. ఇక ఆపుటకు కారణము లేదు. నిన్నటివరకు ఆపుట ప్రేమయైనట్లే, ఈ దినము ఇచ్చుట ప్రేమయైనది.

నేటి ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఏటి ఒడ్డున వెల్లంపల్లి యొద్ద వారందరు కూడిరి. 1878 జూలై 3న ఆ ఏటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకొనుచు, ఉదయమునుండి సాయంకాలము వరకు బాప్తిస్మమిచ్చిరి. క్లౌ దొరగారు తామై ఒక్కరికిని ఇయ్యలేదు. ఏ పల్లెవారిని ఆ పల్లె ఎరిగిన బోధకులు ముందుగా విచారించిరి. ఆ సంవత్సరాంతమునకు బాప్తిస్మము పొందినవారు తొమ్మిది వేలకు మించిరి. ఒంగోలు సంఘము పండ్రెండు వేలకు పైబడిన సభ్యులతో ప్రపంచములోని బాప్టిస్టు సంఘములన్నిటిలో పెద్దదని పేరొందెను.

ఇంతమందిని ఒక్కసారి చేర్చుకొనుట సరియా అని స్వదేశములో కొందరు ఆక్షేపించిరి. ముందు ఇయ్యనందుకు కొందరి దృష్టిలో కఠినుడైనవాడు, తరువాత ఇచ్చినందుకు మరికొందరి దృష్టిలో తొందరపాటువాడాయెను. తీర్పు చెప్పువారికి ఎప్పుడును కొరత లేదు. దొరగారు వాదులాడుటకంటె వారికి బోధించుటలోనే కాలము గడపిరి. పల్లెలలో బడులు పెరిగెను. రామాయపట్నము వేదపాఠశాలలో బోధకులు తర్ఫీదు పొందిరి. 1893లో హేరియెట్ దొరసానిగారు ప్రభువునొద్దకు పోయిరి. దొరగారు 1910లో అమెరికా దేశమున తమ పరుగు ముగించిరి.

ఆయన చేసినదంతయు సరియే అని చెప్పుటకు మేము సాహసింపము. ఆ పదునైదు నెలలలో అడిగి, పొందక, కన్నుమూసినవారిని తలచినప్పుడు మా మనస్సును కలవరపడును. వారు ప్రభువు చేతిలో నున్నారను నమ్మకమే మనకు ఊరట. ప్రేమతో చేసిన పనిలో కూడ మనుష్యునికి అంతయు తేటపడదు. 1 కొరింథీయులకు 13వ అధ్యాయములో పౌలు ప్రేమను వర్ణించుచు, మన ఎరుక ఇప్పుడు కొంతమట్టుకే అని అక్కడనే ఒప్పుకొనెను గదా.

మన పల్లె సంఘములలోను ఇట్టి ప్రశ్నలు వచ్చుచునే యుండును. తుపానులో ఇల్లు పడిపోయినవానికి బియ్యము పంచునప్పుడు, వాడు గుడికి వచ్చునా రాడా అని మనము లెక్క చూచుచున్నామా? చూచినయెడల ప్రభువు కొండమీద చేసినది మనము మరచితిమి. పెండ్లి కొరకో, సమాధి స్థలము కొరకో పేరు వ్రాయించుకొనవచ్చినవానిని, ఒక్క మాటయు అడుగక, లెక్క పెరిగినదని సంతోషించుచున్నామా? అట్లయిన మరునాడు ప్రభువు చేసినదియు మరచితిమి. అన్నము అడిగినవానికి షరతు లేక పెట్టుదము. ప్రభువును అడిగినవానితో ఓపికగా కూర్చుండి, అతని హృదయములో ఏమున్నదో అతడే చూచుకొనునట్లు సహాయము చేయుదము. ఈ రెండింటిలో ఏది ఎప్పుడు చేయవలెనో తెలియనప్పుడు, ఆనాడు ఒంగోలులో ఆ దంపతులు చేసినట్లు వాక్యము తెరచి మోకరించుదము.

కరవులో కాలువ త్రవ్విన చేతులను చూచి సంతోషించిన దేవుడు, మన చేతులకును పని చూపునుగాక. ఆమెన్.