అన్ని పేర్లు విడిచి అక్కయైన మహాదేవి

నీవెవరవని అడిగినచో మనుష్యుడు మొదట తన పేరు చెప్పును. పిదప తండ్రి పేరు, ఊరు, కులము, వృత్తి చెప్పును. స్త్రీనడిగినచో భర్త పేరును కూడ చెప్పవలసి వచ్చును. వీనిలో పెక్కు ఇతరులు మనకిచ్చినవే గాని మనము సాధించుకొన్నవి కావు. వీనిని ఒక్కొక్కటిగా తొలగించినచో కడపట మిగులునదేమి? ఈ ప్రశ్నను పండితులు గ్రంథములలో చర్చించిరి. పండ్రెండవ శతాబ్దమున కన్నడ దేశమున జన్మించిన ఒక యువతి మాత్రము దీనికి తన జీవితముతోనే సమాధానము చెప్పినది. ఆమెయే అక్క మహాదేవి.

నేటి కర్ణాటక రాష్ట్రమున శివమొగ్గ జిల్లా శికారిపుర తాలూకాలోని ఉడుతడి ఆమె జన్మస్థలము. అల్లమప్రభుదేవులు జన్మించిన బళ్ళిగావియు ఆ తాలూకాలోనిదే. మహాదేవి తల్లిదండ్రులు నిర్మలుడు, సుమతి అని సంప్రదాయము చెప్పుచున్నది. వారు శివభక్తులు. బాల్యముననే ఆమెకు లింగదీక్ష లభించెను. ఈ దీక్ష యొక్క సామాజిక విశేషమును గమనింపవలెను. కరస్థలమున నిలిచిన ఇష్టలింగము తండ్రి సొత్తు కాదు, భర్త సొత్తు కాదు. పుట్టినింట నున్నను మెట్టినింట నున్నను అది ఆమెదే. దానిని పూజించుటకు మధ్యవర్తి అవసరము లేదు. కాబట్టి ఒకరి కుమార్తె యనియో, మరియొకరి భార్య యనియో కాక, తనకై తాను నిలువదగిన ఒక స్థానము ఆ బాలికకు చిన్ననాడే దొరకినది. తరువాత జరిగిన సమస్తమునకు మూలమిదియే. శ్రీశైల మల్లికార్జునునే ఆమె తన పతిగా భావించెను.

యౌవనమున ఆమె సౌందర్యమును చూచి ఆ ప్రాంతము నేలుచున్న కౌశికుడను రాజు మోహించెను. అతడు శివదీక్ష లేని భవి. కన్యను ఇమ్మని వర్తమానము పంపెను. ఇచ్చుటకు తల్లిదండ్రులకు మనసొప్పలేదు, కాదనుటకు ధైర్యము చాలలేదు. రాజు కోరికను నిరాకరించినచో కుటుంబమునకే ముప్పు. కుమార్తె అను సంబంధము ఎంత ప్రియమైనదో అంత బరువైనదని ఆమెకు ఆనాడు తెలిసెను. తల్లిదండ్రులను కాపాడుటకై ఆమె కొన్ని నియమములు విధించి రాజభవనమునకు పోవుటకు సమ్మతించెను. తన లింగపూజకు, గురుసేవకు, శరణుల సాంగత్యమునకు అడ్డు రాకూడదనునదే వాని సారాంశము. నియమము తప్పినచో తాను వెడలిపోవుదునని ముందే తెలిపెను.

ఇచ్చట చరిత్రకారులలో భేదము కలదు. ఆమెకు కాలమున సమీపుడైన హరిహర కవి తన రగడలో వివాహము జరిగినదనియే చెప్పెను. పదునైదవ శతాబ్దమున ప్రభులింగలీలను రచించిన చామరసు వివాహము జరుగలేదనెను. ఈ కావ్యమును పిడుపర్తి సోమనాథుడు తెలుగు చేయుటచే మన వారికి ఆ కథ చిరపరిచితమైనది. వివాహము జరిగినదా లేదా యని పండితులు నేటికిని వాదించుచున్నారు. ఒక స్త్రీని తలచినప్పుడెల్ల ఆమె ఎవరి భార్య యను ప్రశ్నయే మొదట పుట్టుట ఆలోచింపదగిన విషయము. ఏ ప్రశ్నను దాటిపోవుటకు ఆమె సర్వమును విడిచెనో, ఆ ప్రశ్నయే ఎనిమిది వందల సంవత్సరములకు పైగా ఆమెను వెంటాడుచున్నది. ఎటు చెప్పినను ఒక విషయమున అందరును ఏకాభిప్రాయులు. రాజు మాట తప్పెను, ఆమె ఇల్లు వెడలెను.

ఆమె విడిచినవి ఎవ్వి? మొదట రాజభవనము, ఆభరణములు. పిదప తల్లిదండ్రులు, పుట్టిన ఊరు. కడపట కట్టుబట్ట. కేశములే దేహమునకు ఆచ్ఛాదనముగా ఆమె ఒంటరిగా బయలుదేరెను. పాశ్చాత్య మనశ్శాస్త్రజ్ఞుడైన విలియం జేమ్స్ 1890లో ప్రకటించిన తన బృహద్గ్రంథమున మానవుని అహమును భాగములుగా విభజించెను. దేహము, వస్త్రములు, కుటుంబము, ఇల్లు, సంపద ఇవి యన్నియు నేను, నాది అను భావములో చేరినవే యనియు, వీనిలో ఒకటి నశించినను మనిషి తనలో కొంత భాగము నశించినట్లే కుంగిపోవుననియు వివరించెను. ఇతరులు మనలను గుర్తించు తీరు కూడ అహములో ఒక భాగమే యని చెప్పెను. ఆ పట్టికను ముందుంచుకొని చూచినచో మహాదేవి దానిలోని ఒక్కొక్క అంశమును స్వహస్తముతో కొట్టివేసినట్లు తోచును. అయినను ఆమె కుంగిపోలేదు. కారణము, ఆమె నేను అను భావమును నిలుపుకొన్న చోటు ఆ పట్టికలో లేదు.

ఇట్లనుటచే ఆమెకు బాధ తెలియదని భావింపరాదు. ఒంటరి యువతి అడవులు, ఊళ్ళు దాటి పోవుట ఆ కాలమున ఎంత ప్రమాదమో ఊహింపవచ్చును. లోకనింద, కాముకుల వెంటబాటు, ఆకలి, విరహవేదన ఇవి ఏవియు ఆమె తన వచనములలో దాచలేదు. దేహము లేనట్లు నటింపలేదు. దానిని ద్వేషింపలేదు. దేహమే తాను కాదని మాత్రము గ్రహించెను.

ఆమె చేరిన నగరము కల్యాణము. నేడు బీదరు జిల్లాలో బసవకల్యాణముగా ప్రసిద్ధమైనది అదియే. అచ్చట బసవేశ్వరులు కలచురి బిజ్జలుని కొలువున ఉన్నతోద్యోగమున నుండియు, కులభేదము, స్త్రీపురుషభేదము పాటింపక శరణులనందరిని ఒక్కచోట చేర్చిరి. అనుభవ మంటపమునకు అధ్యక్షులు అల్లమప్రభుదేవులు. ఆమె అచ్చటికి చేరిన వెంటనే స్వాగతము లభించినదనుకొనరాదు. మొదట కిన్నరి బొమ్మయ్య ఆమెను పరీక్షించెను. పిదప ప్రభుదేవులు సభలోనే ప్రశ్నించిరి. ఈ సంవాదము పదునైదవ శతాబ్దమున కూర్పబడిన శూన్యసంపాదనమున విస్తారముగా కలదు.

ప్రభుదేవులు మొదట ఆమె పతి యెవరో చెప్పుమనిరి. లోకము వేయు ప్రశ్ననే వారును వేసిరి, కాని పరీక్షార్థమై వేసిరి. చెన్నమల్లికార్జునుడు తప్ప తనకు వేరు పతి లేడని ఆమె తెలిపెను. అంతట వారు మరింత కఠినమైన ప్రశ్న వేసిరి. వస్త్రమును విడిచినదానవు కేశములతో దేహమును కప్పుకొనుట ఏల యని దాని భావము. ఈ ప్రశ్నలోని లోతు గమనింపదగినది. సంసారమును విడిచినవారికి ఒక సూక్ష్మమైన ప్రమాదము కలదు. రాణి యను పేరు పోయి విరాగిణి యను పేరు వచ్చును. పట్టుబట్ట పోయి దిగంబరత్వమే ఒక వేషమగును. విడిచితిని అను గర్వము వచ్చి చేరినచో, విడిచిన దానికంటె ఆ గర్వమే పెద్ద బంధమగును. ఆమె త్యాగము లోపలిదా, పైపైదా యని ప్రభుదేవులు తేల్చదలచిరి.

ఆమె కోపింపలేదు, తడబడలేదు. చూచువారి మనస్సులకు నొప్పి కలుగకుండుటకే కప్పుకొంటినను అర్థము వచ్చునట్లు వినయముగా సమాధానమిచ్చెను. ఆ కేశములు సిగ్గుచేత కప్పుకొన్నవి కావు, ఇతరులపై గల దయచేత కప్పుకొన్నవి. తనకు కావలసినది లేకపోయినను ఎదుటివారికి కావలసినది ఆమె మరువలేదు. అహంకారము నిజముగా తొలగిన చోట లోకముపై తిరస్కారముండదు, కరుణయే యుండునని ఆ ఒక్క సమాధానమున తేటతెల్లమైనది. ప్రభుదేవులు సంతసించిరి. బసవేశ్వరులు, చెన్నబసవేశ్వరులు మొదలగు శరణులు ఆమె మహిమను కొనియాడిరి. వయస్సున చిన్నదైనను అందరును ఆమెను అక్క యనిరి.

ఆమె జీవితమున గొప్ప విశేషమిదియే. పుట్టుక యిచ్చిన కుమార్తె అను పేరును, అధికారము తగిలింపజూచిన రాణి అను పేరును విడిచిన స్త్రీకి కడపట నిలిచినది మరల ఒక బంధుత్వ నామమే. అయితే ఇది రక్తముచే వచ్చినది కాదు, వివాహముచే వచ్చినది కాదు. జ్ఞానమును గౌరవించి ఒక సమాజము మనఃపూర్వకముగా ఇచ్చినది. మనిషి తన్ను తాను తెలిసికొనుటకు అందరిని విడువవలసిన సమయము ఒకటి యుండవచ్చును. కాని తెలిసికొన్న దానిని పరీక్షించి గుర్తించుటకు సత్సంగము కావలెను. అట్టి సత్సంగము కల్యాణమున నుండుటచేతనే ముప్పదిమందికి పైగా స్త్రీలు ఆ యుగమున, ఆ సంప్రదాయమున వచనములు రచింపగలిగిరి.

అక్క రచించిన వచనములు సుమారు 430 లభించుచున్నవి. యోగాంగత్రివిధి అను కృతియు ఆమెదే. శరణుల వచనములలో పెక్కింట కర్త పేరుండదు, ఇష్టదైవము యొక్క అంకితమే యుండును. అక్క అంకితము చెన్నమల్లికార్జున. ఒకరి వచనమును వేరొకరి వచనము నుండి గుర్తించుటకు ఆ అంకితమే ఆధారము. అనగా, తన పేరును మరచిన చోటనే ఆమె గుర్తు చెరగకుండ నిలిచినది.

కల్యాణమున కొంతకాలముండి ఆమె శరణుల అనుజ్ఞతో శ్రీశైలమునకు పయనమయ్యెను. సభలో లభించిన గౌరవమును కూడ ఆమె నిలువ చేసికొనలేదు. నల్లమల అడవులలో చెట్లను, పక్షులను తన ప్రియుని జాడ యడుగుచు సంచరించి, కదళీవనమున తపస్సు చేసి లింగైక్యము నొందినదని సంప్రదాయము. అప్పటికి ఆమె వయస్సు ముప్పది నిండలేదని పెద్దలందురు. శ్రీశైలమున పాతాళగంగ నుండి కృష్ణానదిపై పడవలో పోయి చేరదగిన గుహలు అక్కమహాదేవి గుహలని నేటికిని ప్రసిద్ధములు. కర్ణాటకమున విజయపురలో నున్న రాష్ట్ర మహిళా విశ్వవిద్యాలయమునకు 2017లో ఆమె పేరు పెట్టిరి. ఆ పేరులోను అక్క అను మాట విడువక చేర్చిరి.

మన యిండ్లలో ఆడపిల్లలకు మహాదేవి యని పేరు పెట్టుట కలదు. పేరు పెట్టిన మాత్రమున కర్తవ్యము తీరదు. చదువు, వివాహము, వృత్తి మొదలగు విషయములలో ఆ బిడ్డ తన మనస్సును తెలిపినప్పుడు, ఎవరి కుమార్తెవు, ఎవరి కోడలవు అను మాటలతో నోరు మూయింపక, కరస్థలమున లింగమును ధరించిన ఒక పూర్ణవ్యక్తిగా ఆమెను గౌరవించి వినుట మన ధర్మము. లింగమును కట్టునప్పుడు ఆమెకు ఇచ్చిన స్థానమును వివాహము మాట్లాడునప్పుడు తీసికొనరాదు. అక్కకు మనము చేయదగిన నిజమైన పూజ ఇదియే.