యల్లాప్రగడ అందించిన పాత మందుకు కొత్త పని

నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరంలో 1895 జనవరి 12న జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు జీవితాన్ని మలుపు తిప్పినది స్ప్రూ అనే జీర్ణవ్యాధి. రోజుల వ్యవధిలోనే ఆ వ్యాధి ఇద్దరు సోదరులను బలిగొంది. తనకూ సోకగా ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో ఆయన కోలుకున్నారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్ల ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ పట్టాకు బదులు ఎల్ఎంఎస్ ధ్రువపత్రంతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది.

అమెరికా చేరాక బోస్టన్ ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుడిగా పనిచేస్తూ హార్వర్డులో పరిశోధన సాగించారు. కండరాల శక్తికి మూలమైన ఏటీపీని ఫిస్కేతో కలిసి 1929లో వెల్లడించినా అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లే సంస్థలో చేరారు.

ఆయన బృందం అక్కడ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను కబళించిన స్ప్రూకు అదే ఔషధమైంది. కణం చీలాలంటే ఫోలిక్ ఆమ్లం అవసరం. దాని రూపాన్ని పోలిన మరో అణువును అందిస్తే కణం మోసపోయి, చీలిక నిలిచిపోతుంది. ఆ విధంగా రూపొందిన అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా ఉపశమించింది. ఈ ఫలితాలు 1948 జూన్‌లో ప్రచురితమయ్యాయి. రెండు నెలలకే, ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు కన్నుమూశారు.

అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ తరువాతి కాలంలో కీళ్లవాతానికీ వాడుకలోకి వచ్చింది. అయితే దాని ప్రస్థానం అక్కడితో ఆగలేదు. కణితులు రోగనిరోధక కణాలకు అడ్డుకట్ట వేసి తప్పించుకుంటాయి. ఆ అడ్డుకట్టను తొలగించే నివోలుమాబ్ వంటి మందులు మన దేశంలో అత్యధిక రోగులకు అందని ధరలో ఉన్నాయి. ముంబయిలోని టాటా మెమోరియల్ వైద్యులు తల, మెడ క్యాన్సర్ ముదిరిన రోగులపై ఇందుకు ప్రత్యామ్నాయాన్ని పరీక్షించారు. మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్, ఎర్లోటినిబ్ అనే మూడు మాత్రలను అందరికీ ఇచ్చి, సగం మందికి మాత్రం మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్‌ను జోడించారు. ఇది సాధారణ మోతాదులో పదో వంతుకన్నా తక్కువ. పాత మాత్రలను స్వల్ప మోతాదులో క్రమంగా ఇస్తే కణితికి రక్తనాళాలు పెరగడం తగ్గి, రోగనిరోధక కణాలకు దారి సుగమమవుతుందని వైద్యుల అంచనా. 2022లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, ఏడాది తరువాత జీవించి ఉన్నవారు మాత్రలు మాత్రమే అందుకున్న వర్గంలో 16.3 శాతం కాగా, నివోలుమాబ్ కూడా పొందిన వర్గంలో 43.4 శాతం.