మూడు పాత్రలూ తానే



1977 సంక్రాంతికి విడుదలైన 'దాన వీర శూర కర్ణ' చిత్రాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. థియేటరులో కాకపోతే టీవీలోనైనా చూసి ఉంటారు. అందులో దుర్యోధనుడు, కర్ణుడు, కృష్ణుడు ముగ్గురూ ఒక్కరే. దర్శకుడూ, నిర్మాతా కూడా ఆయనే. దాదాపు నాలుగు గంటలు సాగే ఆ చిత్రంలో ఆయన కనిపించని ఘట్టం వెతుక్కోవాలి. అయినా జనం విసుగు చెందలేదు, మళ్ళీ మళ్ళీ చూశారు.

ఆయన నందమూరి తారక రామారావు గారు. ఆయన పెట్టిన పార్టీ నేటికీ ఉంది గనుక మీలో దాన్ని మెచ్చేవారూ, గిట్టనివారూ ఉంటారు. ఓట్ల సంగతి పక్కన పెట్టి, మనిషిని చూద్దాం రండి.

1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. విజయవాడలో చదువుకునే రోజుల్లో సైకిలు మీద హోటళ్ళకు పాలు పోసేవారు. కాలేజీలో తెలుగు చెప్పిన విశ్వనాథ సత్యనారాయణ గారు ఒక నాటకంలో నాగమ్మ వేషం కట్టమన్నారు. ఆడవేషమైనా సరే మీసం మాత్రం తీయనన్నాడు ఆ కుర్రవాడు. మీసంతోనే ఆడి 'మీసాల నాగమ్మ' అనిపించుకున్నాడు. ఈ చిన్న ముచ్చటను గుర్తుంచుకోండి, తరువాతి కథకు ఇది పనికివస్తుంది.

గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో బి.ఏ. పూర్తిచేశారు. మంగళగిరిలో సబ్ రిజిస్ట్రారు ఉద్యోగం దొరికితే మూడు వారాలకే వదిలేసి మద్రాసు రైలెక్కారు. 1949లో 'మనదేశం'లో చిన్న పోలీసు వేషం. 1951లో 'పాతాళ భైరవి', 1957లో 'మాయాబజార్'. అక్కడినుండి తెలుగు ఇళ్ళలో కృష్ణుడంటే ఆయన ముఖమే. 'నర్తనశాల' కోసం నలభై ఏళ్ళ వయసులో వెంపటి చినసత్యం గారి దగ్గర నాట్యం నేర్చుకున్నారు. పేరు వచ్చాక శిష్యుడిగా కూర్చోవడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి. దర్శకుడిగా తొలి చిత్రం 1961 నాటి 'సీతారామ కల్యాణం'. అందులో రాముడి వేషం వేరొకరికి ఇచ్చి తాను రావణుడయ్యారు.

1982 మార్చి 29న హైదరాబాదులో తెలుగుదేశం పార్టీ స్థాపించారు. అప్పటికి ఆయనకు యాభై తొమ్మిది నిండబోతున్నాయి. కాంగ్రెసు అధిష్ఠానం ఢిల్లీనుండి ముఖ్యమంత్రులను మారుస్తూ ఉండేది. 1978 ఎన్నికల నుండి 1983 ఎన్నికల లోపల నలుగురు మారారు. తెలుగువాడి ఆత్మగౌరవం అన్న మాట జనానికి తగిలింది. పాత షెవర్లే వ్యానును 'చైతన్యరథం'గా మార్చి, కుమారుడు హరికృష్ణ నడుపుతూ ఉంటే రాష్ట్రమంతా తిరిగారు. ఖాకీ దుస్తులు, రోడ్డు పక్కన స్నానం, చెట్టు కింద భోజనం. ఆ వ్యాను వచ్చేసరికి అర్ధరాత్రి దాటినా పిల్లలను చంకనెత్తుకొని తల్లులు ఎదురుచూసేవారు. 1983 జనవరి 9న లాల్ బహదూర్ స్టేడియంలో ముఖ్యమంత్రిగా ప్రమాణస్వీకారం చేశారు. పార్టీ పుట్టి పది నెలలైనా కాలేదు!

ఆయన ఇచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం గురించి మన విచారణలలోని పెద్దవారిని అడిగి చూడండి. కూలి దొరకని వానాకాలంలో జొన్న సంకటితోనో, గంజితోనో సరిపెట్టుకున్న కుటుంబాలు ఎన్నో. వారి పళ్ళెంలోకి తెల్లన్నం రోజూ రావడం ఆ పథకంతోనే. ఖజానాకు భారమని ఆర్థికవేత్తలు అన్నారు. అది నిజమే కావచ్చు, కాని ఆకలి లెక్క వేరు. వంశపారంపర్యంగా సాగిన కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. తాలూకాల స్థానంలో వెయ్యికి పైగా మండలాలు వచ్చాయి. కాగితం కోసం ఒక రోజు కూలి పోగొట్టుకొని దూరం నడిచే బాధ తగ్గింది. హిందూ కుటుంబాలలో కూతురికి పిత్రార్జితంలో సమాన హక్కు కల్పిస్తూ చట్టం తెచ్చారు. (మనకు 1925 నాటి భారత వారసత్వ చట్టమే కూతురికీ కొడుకుకూ సమాన వాటా చెబుతున్నది. మన ఇళ్ళలో ఎందరం ఇస్తున్నామన్నది వేరే ప్రశ్న.)

1984 ఆగస్టులో, అమెరికాలో గుండె ఆపరేషను చేయించుకొని వచ్చిన కొద్ది రోజులకే గవర్నరు రామ్ లాల్ ఆయనను పదవినుండి తొలగించారు. నాదెండ్ల భాస్కరరావు గద్దెనెక్కారు. రామారావు గారు చక్రాల కుర్చీలో ఢిల్లీ వెళ్ళి, తన వెంట ఉన్న శాసనసభ్యులను రాష్ట్రపతి ఎదుట నిలబెట్టారు. వారెవరూ చేజారకుండా కర్ణాటకలో శిబిరం పెట్టి కాపాడుకున్నారు. ఊరూరా జనం వీధుల్లోకి వచ్చారు. నెల తిరిగేసరికి పదవి తిరిగి వచ్చింది. 1985 ఎన్నికలలో మరల ఘనవిజయం.

ఇక్కడే నాకొక సందేహం. శిబిరంలో నిలిచిన ఆ శాసనసభ్యులను ఆయన తరువాత ఎలా చూశారు? ఇంటి యజమాని ఏలుబడి వేరు, సమానుల మధ్య ఏలుబడి వేరు అని అరిస్టాటిల్ ఏనాడో వివరించాడు. సినిమా సెట్టు మీద దర్శకుడిది మొదటి రకం. నటులు చెప్పిన చోట నిలబడతారు, చెప్పిన మాట పలుకుతారు. మంత్రివర్గం అలాంటిది కాదు. 1983లోనే ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58నుండి 55కు తగ్గించి వేలమందిని ఇంటికి పంపారు. 1989లో బడ్జెట్ వివరాలు బయటకు పొక్కాయని మంత్రులందరినీ ఒకే రోజు తొలగించారు. మీసం తీయని ఆ కుర్రవాడిని చూసి నవ్వుకున్నాం. ముఖ్యమంత్రిలో అదే పట్టుదలను జనం భరించలేకపోయారు. ఆ ఏడాది చివర ఎన్నికలలో పార్టీ ఓడింది. కల్వకుర్తిలో ఆయనే ఓడిపోయారు.

1985లో భార్య బసవతారకం గారు క్యాన్సరుతో మరణించారు. 1993లో లక్ష్మీపార్వతి గారిని వివాహమాడారు. కుటుంబంలో చాలామందికి అది నచ్చలేదు. అయినా 1994 డిసెంబరులో జనం ఆయనకు రెండు వందలకు పైగా స్థానాలు ఇచ్చారు. కాంగ్రెసుకు 26 మిగిలాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన స్త్రీల సారా వ్యతిరేక ఉద్యమానికి మాట ఇచ్చి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలుచేశారు. తాగివచ్చే భర్త చేతి దెబ్బలు తిన్న ఎందరో తల్లులు ఆనాడు ఆయనకు దండం పెట్టారు. ఆయన పోయాక 1997లో నిషేధం సడలిపోయింది.

1995 ఆగస్టులో శాసనసభ్యులు మళ్ళీ శిబిరం కట్టారు. ఈసారి హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన వైస్రాయ్ హోటలులో, ఆయనకు వ్యతిరేకంగా. ముందు నిలిచినది అల్లుడు చంద్రబాబు నాయుడు గారు. కుమారులలో కొందరు కూడా అటే. పాత చైతన్యరథంపై ఆయన హోటలు ముందుకు వెళ్ళితే చెప్పులు వచ్చి పడ్డాయి. పదకొండేళ్ళ క్రితం వీధులు నింపిన జనం ఈసారి ఇళ్ళలోనే ఉండిపోయారు. సెప్టెంబరు 1న కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేశారు.

1996 జనవరి 18 తెల్లవారుజామున గుండె ఆగి కన్నుమూశారు. లాల్ బహదూర్ స్టేడియంలో భౌతికకాయాన్ని ఉంచితే జనం వరుసలు కట్టి వచ్చారు. చితాభస్మం మాత్రం నదిలో కలవకుండా ఎనిమిదేళ్ళు ఉండిపోయింది. 2004లో లక్ష్మీపార్వతి గారు శ్రీరంగపట్నం తీసుకువెళ్ళి కావేరిలో కలిపారు.